టెలిఫోను నెంబరు ఎవరి సొత్తు?

సెల్ ఫోను గలవాడు తన కంపెనీవారి సేవ నచ్చనిచో, తన నెంబరును తనతోనే యుంచుకొని మరియొక కంపెనీకి పోవచ్చును. ఈ సౌకర్యము 2010 నవంబరు 25వ తేదీన హర్యానాలో ఆరంభమై, 2011 జనవరి 20వ తేదీన దేశమంతటికిని వ్యాపించినది. 2015 జూలై 3వ తేదీనుండి ఒక సర్కిలు విడిచి వేరొక సర్కిలులో కాపురము పెట్టినవారికిని పాత నెంబరే నిలుచుచున్నది. 2024 జూలై నాటికి ఇట్లు కంపెనీ మార్పు కోరుచు వచ్చిన విన్నపములు 100 కోట్ల లెక్కకు చేరినవి. ఇంటి గోడకు తీగ బిగించుకొని, ముప్పది యేండ్లుగా నెలనెలకును అద్దె చెల్లించుచు వచ్చిన ల్యాండులైను చందాదారునకు మాత్రము ఈ హక్కు నేటికిని లేదు. అతడు కంపెనీని వదలినచో నెంబరును వదలుకొనవలసినదే.

ఒకే ప్రభుత్వము క్రింద, ఒకే నియంత్రణ సంస్థ యేలుబడిలో, జేబులోని ఫోనుకొక న్యాయము, గోడమీది ఫోనుకొక న్యాయము ఏల నుండవలయునని మేము ప్రశ్నించుచున్నాము. ల్యాండులైను కాలము తీరినది, చచ్చినదానికి మందేల యని కొందరు నవ్వవచ్చును. లెక్కలు చూచినచో ఆ నవ్వు నిలువదు. 2005 ప్రాంతమున దేశములో 4 కోట్లు దాటియుండిన ల్యాండులైనులు 2020 నాటికి సుమారు 2 కోట్లకు దిగజారిన మాట నిజమే. కాని అటుపిమ్మట ఫైబరు తీగలు వీధివీధికిని వచ్చి, ఇంటర్నెట్టుతోపాటు ఫోనును గూడ ఇంటిలో పెట్టుచుండుటచే, 2024 నాటికి ఆ సంఖ్య మరల 3 కోట్లు దాటినది. 2022 ఆగస్టు లెక్కలలో జియో కంపెనీ 73 లక్షల పైచిలుకు తీగ ఫోనులతో, 71 లక్షల పైచిలుకు గల బి.యస్.యన్.ఎల్.ను మించిపోయినది. కావున చచ్చినది రాగి తీగయే గాని ఇంటి ఫోను కాదు. జనులు ఒక కంపెనీ నుండి మరియొక కంపెనీకి మారుచున్నారు. అట్లు మారు ప్రతివారును ద్వారము దాటునప్పుడు తమ నెంబరును సుంకముగా చెల్లించి పోవుచున్నారు.

దొనకొండనే చూతము. గుంటూరు నంద్యాల రైలు మార్గమున నున్న ఊరు; రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములు దిగుటకు తెల్లవారు చదునుచేసిన నేల గల ఊరు; 2014లో రాష్ట్ర రాజధాని ఇచ్చటికే వచ్చునని పుకారు పుట్టగా, ఎకరముల వెలలు ఆకాశమునంటి, పిమ్మట మరల నేలకు దిగిన ఊరు. ఇట్టి చోట ఎరువులు, విత్తనములు అమ్ము షావుకారు ఒకడున్నాడనుకొందము. 1990 దశకమున అతడు అర్జీ పెట్టుకొని, వంతు వచ్చువరకు కనిపెట్టుకొనియుండి, ఒక ఫోను సంపాదించెను. ఆ నెంబరు అంగడి బోర్డుమీద రంగుతో వ్రాయబడినది. బిల్లు పుస్తకములలో అచ్చువేయబడినది. చుట్టుప్రక్కల పల్లెల రైతులు దానిని గోడమీద బొగ్గుతో వ్రాసికొనిరి. మార్కాపురము పలకల కార్ఖానాలవారి సంగతియు ఇంతియే. దేశమందలి పిల్లల చేతికి పలకలు పంపిన ఆ వ్యాపారమునకు దూరదేశపు కొనుగోలుదారుతో ఉన్న చుట్టరికమంతయు చిరునామా క్రింద అచ్చైన ఆ నెంబరే. ఇక వానలు లేక, పనులు లేక, బిడ్డలను హైదరాబాదునకును, బెంగుళూరునకును, సముద్రములకావలికిని పంపిన పడమటి ప్రకాశపు తలిదండ్రులు, సెల్ ఫోను మీటలు కనబడని వయసున, ఇంటిలో మ్రోగు గంటను నమ్ముకొనియున్నారు. ఆ బిడ్డలకు నోటికి వచ్చిన నెంబరు బహుశః ఆ యొక్కటియే. తక్కినవన్నియు యంత్రము జ్ఞాపకముంచుకొనుచున్నది.

ఇప్పుడా షావుకారు తీగ తెగినది. ఫిర్యాదు వ్రాయించెను, పది దినములు గడచెను, బాగుచేయు మనిషి రాలేదు. ఇందులకు ఆ మనిషిని నిందించి లాభము లేదు. 2020 జనవరి 31వ తేదీన బి.యస్.యన్.ఎల్. ఉద్యోగులలో 78 వేలమందికి పైగా స్వచ్ఛంద విరమణ పుచ్చుకొని ఒక్క దినముననే ఇండ్లకు పోయిరి. స్తంభమెక్కి ఏ జంక్షను పెట్టెలో ఏ తీగ ఎచ్చటికి పోవుచున్నదో కన్నులు మూసికొని చెప్పగల లైనుమన్లు వారిలో ఎందరో గలరు. వారి చేతివ్రేళ్ళలోని జ్ఞానము ఏ రిజిస్టరులోను లేదు. తీగ మూగపోయిన చందాదారుడు వేరొక కంపెనీవారి ఫైబరు పెట్టుకొందునన్నచో, వారు క్రొత్త నెంబరు నిత్తురు. బోర్డు మార్పించవలెను, బిల్లు పుస్తకములు మరల అచ్చువేయించవలెను, పల్లెల గోడలమీది బొగ్గు గీతలను మాత్రము ఎవ్వరును మార్పజాలరు. ఇందుకు వెరచియే పెక్కుమంది మూగ తీగకు నెలనెలకును అద్దె కట్టుచున్నారు. సేవ లేకుండ రుసుము పుచ్చుకొనుటకు ఏ శాసనమును ఒప్పదు. కాని నెంబరనెడు పలుపుత్రాడు మెడకు బిగించియున్నంతకాలము శాసనమును అడుగువాడెవ్వడు?

రైతు పాఠకులకు ఈ విషయము ఒక పోలికతో సులభముగ తెలియును. పశువునకు యజమాని ముద్ర వేసినట్లు, మన ల్యాండులైను నెంబరుమీద కంపెనీ ముద్ర యున్నది. దేశమంతయు 2,600కు పైగా చిన్న టెలిఫోను ప్రాంతములుగ విభజింపబడినది. ఒక్కొక్క ప్రాంతమున కొక సంకేతాంకము గలదు: మార్కాపురమునకు 08596, గిద్దలూరునకు 08405, ఒంగోలునకు 08592. మొదటి సున్నను విడిచినచో నాలుగంకెలు మిగులును. పిమ్మట చందాదారుని ఆరంకెలు, మొత్తము పది. ఆ ఆరంకెలలో మొదటిది ఏ కంపెనీదో తెలుపుటకు కేటాయింపబడినది. 2తో ఆరంభమైనది బి.యస్.యన్.ఎల్.ది, 4 ఎయిర్‌టెలుది, 6 టాటావారిది, 3 రిలయన్సుది. అనగా నెంబరులో నాలుగంకెలు ఊరిని చెప్పును, ఒక అంకె యజమానిని చెప్పును, మిగిలిన అయిదంకెలే మనిషిని చెప్పును. ఒక ముద్ర గల పశువును వేరొక దొడ్డిలో కట్టిన తగవు పుట్టును. 2తో మొదలగు నెంబరు వేరొక కంపెనీ దొడ్డిలో నుండుటకు మన నెంబర్ల ఏర్పాటులో తావే లేదు.

ఇట్టి యేర్పాటు పుట్టుటకు కారణము దురుద్దేశము గాదు. 1882 జనవరిలో కలకత్తాలో మొదటి ఎక్స్ఛేంజి తెరువబడిననాటి నుండి చాలకాలమువరకు నెంబరనగా యంత్రములో ఒక తీగ కూర్చున్న స్థానము. తీగను కదల్పక నెంబరును కదల్పుట అసాధ్యము. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరముల టెలిఫోను కంపెనీలను 1943లో ప్రభుత్వము కొని తన శాఖలో కలుపుకొనిన పిమ్మట అర్ధ శతాబ్దమునకు పైగా ఒక్కడే వర్తకుడు. మారుటకు వేరొక అంగడియే లేదు. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ మన యెండలకు, మన దుమ్మునకు తాళగలట్టి, చల్లబరచు యంత్రము లేకయే పనిచేయగలట్టి 128 లైనుల చిన్న ఎక్స్ఛేంజిని నిర్మించి, 1986లో కర్ణాటకములోని కిత్తూరున మొదట నెలకొల్పినది. దాని సంతతియే పల్లెపల్లెకును ఫోనును తెచ్చినది. ఇది మన స్వదేశీ విజ్ఞానమునకు గర్వకారణము. ఈ మాట సందర్భము కొంచెము తప్పినను చెప్పక పోజాలము. ప్రైవేటు కంపెనీలు వచ్చినది ఆ తరువాతనే. మన రాష్ట్రమున టాటావారు 1999లో హైదరాబాదున ప్రవేశించిరి. బి.యస్.యన్.ఎల్. 2000 అక్టోబరు 1వ తేదీన ప్రభుత్వశాఖనుండి విడివడి కంపెనీ యైనది. అంగళ్ళు పెక్కు వెలసినవి. నెంబర్ల ఏర్పాటు మాత్రము ఒకే యంగడి కాలపుదై నిలిచిపోయినది.

సెల్ ఫోనులో ఈ చిక్కును ఎట్లు విప్పిరో గమనింపవలసియున్నది. నెంబరును పేరుగా మాత్రమే నిలిపి, చిరునామాను దానినుండి వేరుచేసిరి. ఏ నెంబరు నేడు ఏ కంపెనీ పంచనున్నదో తెలుపు ఒక పెద్ద పట్టికను దేశమునకంతటికిని రెండు సంస్థలు నిర్వహించుచున్నవి. ఉత్తర పశ్చిమములకొకటి, దక్షిణ ప్రాగ్దేశములకొకటి. పిలుపు బయలుదేరినప్పుడు ముందుగ ఆ పట్టికను విచారించి, అది చూపిన త్రోవనే పోవును. చందాదారుడు చేయవలసినదెల్ల తన ఫోనునుండి 1900కు ఒక సందేశము పంపి, ఎనిమిదక్షరముల సంకేతమును పొంది, దానిని క్రొత్త కంపెనీకి చూపుటయే. 2019 డిసెంబరు 16వ తేదీనుండి అమలైన నిబంధనలచే ఒకే సర్కిలులో మూడు పనిదినములలోను, సర్కిలు మారినచో అయిదు పనిదినములలోను ఈ పని ముగియవలయును.

1970లో మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండి విడివడి క్రొత్తగ ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లా మారినది, కలెక్టరు మారెను, కచ్చేరి మారెను. మార్కాపురము పేరు మాత్రము కర్నూలువారి సొత్తు, మీరు క్రొత్త పేరు పెట్టుకొనుడని ఎవ్వరును అనలేదు. ఊరి పేరు ఏలువానిది కాదు, ఊరివారిది. టెలిఫోను నెంబరు విషయమున మేమడుగు న్యాయమింతియే. చట్టరీత్యా నెంబర్లు దేశపు సొత్తు, ప్రభుత్వము కంపెనీలకు కేటాయించును, కంపెనీలు చందాదారులకిచ్చును. ఇందులో కంపెనీ నడిమి మనిషి మాత్రమే. నడిమి మనిషికి లేని స్వామ్యమును ఆచారబలముచే అతనికి కట్టబెట్టుట తగదు.

ఇతర దేశములలో దీనిని ఎప్పుడో తీర్చివేసిరి. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్ల చట్టము స్థానిక టెలిఫోను కంపెనీలన్నియు నెంబరును వదలిపెట్టవలయునని శాసించినది. అచ్చట ఈ హక్కు మొదట వచ్చినది ల్యాండులైనుకే. పెద్ద నగరములలో 1997 చివరనుండి అమలైనది. సెల్ ఫోనునకు 2003 నవంబరు 24వ తేదీన గాని రాలేదు. ఆనాటి నుండి ఇంటి ఫోను నెంబరును సెల్ ఫోనులోనికి మార్చుకొనుటకును త్రోవ ఏర్పడినది. అనగా మనము తలక్రిందుగ నడచితిమి. అచ్చటి మరియొక నియమమును మన పాలకులు ముఖ్యముగ చూడవలయును: చందాదారుడు పాత కంపెనీకి బాకీ యున్నను, ఆ బాకీని సాకుగ చూపి నెంబరును పట్టియుంచరాదు; బాకీ వసూలునకు వేరు మార్గములున్నవి. మన సెల్ ఫోను నిబంధనలలో బాకీ యున్నచో విన్నపము త్రోసివేయవచ్చును. ఐరోపా దేశముల సమితియు 2002 శాసనముతో ఇంటి ఫోనునకు, సెల్ ఫోనునకు భేదము చూపక ఈ హక్కు నిచ్చినది. న్యూజెర్సీలోనో టెక్సాసులోనో కాపురమున్న మన తెలుగు కుటుంబము ఫోను కంపెనీని మార్చినను ఇంటి నెంబరు మారదు; దొనకొండలోని వారి తండ్రి నెంబరు మారిపోవును. అయితే అమెరికాలోను ఊరు మారినచో ఇంటి నెంబరు వెంట వచ్చునని హామీ లేదు.

ఈ భేదమును మేము దాచము. కంపెనీ మారినను నెంబరు నిలుచుట యొకటి. ఊరు మారినను నెంబరు నిలుచుట వేరొకటి. మొదటిదానినే మేము కోరుచున్నాము. దొనకొండ ఇంటినుండి ఒంగోలు ఇంటికి ల్యాండులైను నెంబరును మోసికొనిపోవు హక్కును నేడు అడుగుట లేదు. అడిగినచో ఆ సాకుతో మొదటిదానినిగూడ వాయిదా వేయుదురు.

దీనికి వ్యతిరేకముగ చెప్పబడు వాదములలో ఒక్కటి గౌరవింపదగినది. ప్రభుత్వ సంస్థ యొకటియే లాభము చూడక దొనకొండవంటి ఊళ్ళకు తీగలు లాగినది. ప్రైవేటు కంపెనీలు నగరములలో మీగడ తీసికొనినవి. ఇప్పుడు నెంబరు స్వేచ్ఛ నిచ్చినచో ఉన్న కొద్దిమంది చందాదారులును తరలిపోయి, ప్రజాధనముతో నిలిచిన సంస్థ కూలునని వారి భయము. బి.యస్.యన్.ఎల్. మీద మాకు ద్వేషము లేదు. ఆ సంస్థ నిలువవలయుననియే మా కోరిక. 2019లోను, 2022లోను, 2023లోను దాని పునరుద్ధరణకు కేంద్రప్రభుత్వము లక్షల కోట్ల రూపాయలు కేటాయించినది, అది మన సొమ్మే. కాని చందాదారుని కట్టివేయుటచే ఏ సంస్థయు బాగుపడజాలదు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడును సెల్ ఫోను రుసుములను పెంచగా ఏమి జరిగినది? ఆ ఒక్క మాసముననే బి.యస్.యన్.ఎల్.లో 29 లక్షల చందాదారులు పెరిగిరి. వారిలో చాలమంది తమ పాత నెంబరుతోనే వచ్చినవారు. నెంబరు స్వేచ్ఛ లేకున్నచో వారు వచ్చియుండరు. పోవు ద్వారమే వచ్చు ద్వారముగూడ.

యంత్రములు ఒప్పవను వాదమునకు బలము లేదు. రాగి తీగనుండి ఫైబరు తీగకు మారు చందాదారునకు పాత నెంబరునే యుంచుకొను వీలును బి.యస్.యన్.ఎల్. తానే కల్పించియున్నది. తీగ మారెను, యంత్రము మారెను, ఒకప్పుడు ఆ ఫైబరును ఇంటివరకు లాగినవాడు ఊరిలోని కాంట్రాక్టరు. ఐనను నెంబరు నిలిచినది. సొంత యింటిలో ఒక గదినుండి వేరొక గదికి కదలగల నెంబరు, ప్రక్క యింటికి కదలలేదనుట శాస్త్రవిషయము కాదు, సమ్మతి విషయము. మన రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్ నెట్ సంస్థ 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి చేతులమీదుగ ఆరంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, ఫోను మూడును ఇత్తుమని ప్రకటించిరి. అప్పుడుగూడ పాత నెంబరు ఆ క్రొత్త తీగమీదికి రాలేదు. రెండును ప్రజాసంస్థలే, ఒకటి కేంద్రముది, ఒకటి రాష్ట్రముది. వానిమధ్యనైన నెంబరు కదలలేదనగా ప్రైవేటు కంపెనీల దోపిడి యను మాటతో దీనిని కప్పిపుచ్చుట యెట్లు?

ఖర్చు విషయము కొంత యున్నది. పాత ఎక్స్ఛేంజిలలో పట్టికను విచారించు శక్తి లేని యంత్రములు ఇంకను ఉండవచ్చును. వానికై ఒక గడువు పెట్టి, ఫైబరు తీగలపై నున్న నెంబర్లకు ముందుగ, రాగి తీగల నెంబర్లకు పిమ్మట ఈ హక్కును కల్పించవచ్చును. హర్యానాలో ముందుగ పరీక్షించి పిమ్మట దేశమునకు విస్తరించిన పద్ధతి యుండనే యున్నది.

సందర్భమును అనుకూలముగనే యున్నది. 2025 ఫిబ్రవరి 6వ తేదీన ట్రాయ్ నెంబర్ల పథకమును సవరింప సిఫారసు చేసినది. దాని ప్రకారము ల్యాండులైనులకు చిన్న ప్రాంతములవారీ ఏర్పాటు పోయి, సర్కిలునంతటిని ఒక్క ప్రాంతముగ నెంచి, ఎచ్చటికైనను పూర్తి నెంబరునే నొక్కు పద్ధతి రావలయును. ఇప్పుడున్న చందాదారుల నెంబర్లు మారవు. రాష్ట్రము 2014లో రెండైనను టెలిఫోను లైసెన్సుల లెక్కలో ఆంధ్ర తెలంగాణములు నేటికిని ఒకే సర్కిలు. మార్కాపురపు గోడ కూలినచో మార్కాపురము, హైదరాబాదు ఒకే యావరణలోనివగును. గోడలు తీయుచున్న ఈ సమయముననే ముద్రలనుగూడ తీసివేయుట సులభము. ఇల్లు బాగుచేయునప్పుడే తలుపు పెట్టించుకొనవలెను. సున్నము వేసిన పిమ్మట గోడ పగులగొట్టుట ఖర్చుతోకూడిన పని. ఒంగోలు పార్లమెంటు సభ్యులు మొదలుకొని మన ప్రతినిధులందరును ఈ ప్రశ్నను శాఖామంత్రి ముందుంచవలయునని కోరుచున్నాము. సెల్ ఫోను నిబంధనలలో నున్న పదమును ఒక్కదానిని విశాలము చేయుమని అడిగిన చాలును.

ఈలోపున చందాదారులు కొంత జాగ్రత్త వహించుట మేలు. క్రొత్త కంపెనీ తీగ పెట్టుకొనినను పాత కనెక్షనును ఆ దినముననే వదలుకొనరాదు. వ్రాతమూలకముగ వదలుకొనిన నెంబరు కొంతకాలమునకు మరియొకరికి ఈయబడును. ఆ మరియొకడు మీ గిరాకీలకు ఏమి చెప్పునో ఎవరెరుగుదురు? పాత నెంబరునకు వచ్చు పిలుపులను సెల్ ఫోనునకు మళ్ళించు ఏర్పాటు చేయుమని ఎక్స్ఛేంజిలో అర్జీ ఇచ్చి, కొన్ని మాసములపాటు రెండిటిని నడిపి, ఆ తరువాత వదలుకొనుట మంచిది. తీగ మూగపోయిన దినములకు అద్దె తగ్గింపును కోరుచు ఫిర్యాదు నెంబరు, తేదీ వ్రాసియుంచుకొనవలెను. కనెక్షను పెట్టుకొనినప్పుడు కట్టిన డిపాజిట్టు రసీదును వెదకి తీయుడు. అది తిరిగి రావలసిన సొమ్ము. అమెరికాలోని బంధువులకును ఒక మాట: అచ్చట నెంబరు వెంట రావలెనన్నచో, క్రొత్త కంపెనీ పని ముగించువరకు పాత కనెక్షనును కొట్టివేయింపరాదు. కొట్టివేయబడిన నెంబరును తీసికొనిపోవుట అచ్చటను దుస్సాధ్యమే.